బోర్డు బల్ల మీద మొలతాడు

పెరుమాళ్ళకు ఎప్పుడైనా ఏవగింపు కలుగుతుందా అన్న సందేహం నన్ను చాలా ఏళ్ళుగా వదలడం లేదు. ఆయనకు కోపం వస్తుందని పురాణాల్లో ఉంది. దయ ఉందని మన బతుకులే చెబుతాయి. కానీ కడుపులో తిప్పినట్టయి ముఖం పక్కకు తిప్పుకోవాలనిపించడం ఆయనకూ ఉంటుందా? కొట్టినవాడూ వచ్చి కొబ్బరికాయ కొడతాడు, దెబ్బలు తిన్నవాడూ వచ్చి కొడతాడు. రెంటినీ ఆయన ఒకే పళ్ళెంలో పుచ్చుకుంటాడు. ఒకసారి కోవెల అయ్యవారిని అడిగాను. ఆయన నవ్వి, "హారతి కళ్ళకద్దుకుని కదలండమ్మా, వెనకాల జనం ఉన్నారు" అన్నారు.

ఆ సందేహం ఒక పురటాసి నెలలో పుట్టింది. పురటాసి తమిళుల మాటే. కానీ మా తాత విశాఖపట్నం రేవులో ఓడెక్కి ఈ చిన్న దీవి దేశానికి వచ్చినప్పటి నుంచీ మా ఇంట్లోనూ అది పెరుమాళ్ళ నెలే. మామూలు రోజుల్లో చేపలు లేనిదే ముద్ద దిగని మా ఆయన కూడా ఆ నెల నీచు ముట్టడు. నేనైతే పెళ్ళయిన నాటి నుంచే మానేశాను. శనివారాలు సెరంగూన్ రోడ్డు కోవెలలో అన్నదానం దగ్గర వడ్డన నాది.

రెండువేల సంవత్సరం పుట్టగానే కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని లోకమంతా భయపడుతున్న ఏడాది అది. ఆ భయం పుణ్యమా అని మన దేశం నుంచి కుర్రాళ్ళు విమానాల నిండా దిగుతున్నారు. వాళ్ళందరికీ పెద్ద దిక్కు విశ్వనాథం గారు. బెజవాడ మనిషి, ఒక బ్యాంకులో కంప్యూటర్ల విభాగానికి అధికారి, తెలుగువాళ్ళ సంఘానికి కార్యదర్శి. పాలిటెక్నిక్‌లో కంప్యూటర్లు చదివి ఖాళీగా ఉన్న మా అబ్బాయి సిద్ధార్థను తన బ్యాంకులో పెట్టిస్తానని ఆయన మాటిచ్చారు. ఆ మాట మీద మా ఇల్లు నాలుగు నెలలుగా నడుస్తోంది. మా ఆయన సుందరరావు రేవులో క్రేను నడిపే మనిషి. ఎవరికీ తల వంచనివాడు విశ్వనాథం గారిని చూస్తే మాత్రం లేచి నిలబడేవాడు.

నన్ను బోర్డులో వేయించింది కూడా విశ్వనాథం గారే.

"పెద్ద పనేం కాదండీ కుమారమ్మ గారూ" అన్నారు ఫోనులో. "ఫ్యాక్టరీల దగ్గర కాపలా వాళ్ళుంటారు చూడండి, బ్యాడ్జీలూ లాఠీలూ పెట్టుకుని. మనుషుల్ని ఆపి వెతికే పవర్ కూడా ఉంది వాళ్ళకి, ఇంచుమించు పోలీసులే. వాళ్ళ మీద కంప్లయింట్లు వస్తే చూడ్డానికి మామూలు జనంలోంచి అయిదుగురితో ఒక బోర్డు. నేనున్నాను. ఇంకో ఇండియన్ కావాలి, ఒక గృహిణి కూడా కావాలి. మీరొస్తే రెండూ సరిపోతాయి."

"నాకేం తెలుసండీ? నేను చదివింది సెకండరీ ఫోరే కదా, మీ లెక్కన పదో తరగతి."

"తెలియకపోతేనే మంచిది. నెలకోసారి మీటింగు, మంచి భోజనం. అంతే."

మంచి భోజనం అన్న మాట నిజం. ఆ బోర్డు ఇప్పుడు లేదు కాబట్టి చెప్పినా ఎవరికీ నష్టం లేదు. దాని పద్ధతి ఏమిటంటే, ఫిర్యాదు చేసినవాణ్ణి పిలవరు. కాగితాలే చూస్తారు. ఒక నెల చూసి, రెండో నెల చేతులెత్తి తేలుస్తారు. అదంతా భోజనాల బల్ల దగ్గరే. ఆ భోజనం పెట్టేది ఎవరిమీద ఫిర్యాదు వచ్చిందో ఆ కాపలా సంస్థే. వాళ్ళ ఆఫీసరు ఒకాయన పక్కన నిలబడి, "మేడమ్, ఇంకొంచెం" అంటూ స్వయంగా వడ్డిస్తాడు.

నాకు శాకాహారం డబ్బా వేరే తెప్పించేవారు. మదామ్ రోకియా అని రిటైరైన మంత్రసాని ఒకావిడ ఉండేది, మలయ్ మనిషి. ఆవిడకు హలాల్ డబ్బా. బఫేతో పనిలేని మేమిద్దరం బల్ల చివర ఎదురెదురుగా కూర్చునేవాళ్ళం. ఆవిడ ఎక్కువ మాట్లాడేది కాదు. తినేసి, డబ్బా మూత బిగించి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది.

పురటాసికి ముందు నెల మీటింగులో జురాంగ్ ఐలాండ్ కాగితాలు వచ్చాయి. అక్కడి ప్లాంటులో పైపులు బిగించే రంగనాథ్ అనే కుర్రాడి ఫిర్యాదు. గేటు దగ్గర మెషీను నడుము వద్ద కూత పెట్టింది. రాగితీగ దొంగిలిస్తున్నాడని గదిలోకి తీసుకెళ్ళారు. పైబట్టలు మాత్రమే తడిమి చూశామనీ, అనుమానాస్పదమైన తాడొకటి అతనే ఇష్టపూర్వకంగా తీసి ఇచ్చాడనీ గార్డులు రాశారు. అది తన మొలతాడనీ, కత్తెరతో తెంపేశారనీ, తిరిగి ఇప్పించమనీ అతను రాయించాడు.

"వస్తువు కూడా తెచ్చాం" అని ఆఫీసరు ఒక ప్లాస్టిక్ సంచి తీసి బల్ల మీద పెట్టాడు.

ఎర్రతాడు. చెమటకు నల్లబడి ఉంది. దానికి చిటికెన వేలి గోరంత రాగి తాయెత్తు. తెగిన చోట పోగులు విచ్చుకుని ఉన్నాయి. ఒక మగవాడి ఒంటిమీద పుట్టిన పదకొండో రోజు నుంచి ఉండవలసిన వస్తువు, ఒళ్ళు కాటికి పోయేటప్పుడు మాత్రమే తెంపేది, అన్నం గిన్నెల మధ్య పడి ఉంది.

ఛైర్మన్ మిస్టర్ టే బడి ప్రిన్సిపాల్‌గా రిటైరైన పెద్దమనిషి. వేడివేడిగా రొయ్యల పళ్ళెం వచ్చింది. అది పెట్టడానికి చోటు లేక, ఆయన చేతిలో ఉన్న, మాంసం ముక్కలు గుచ్చి కాల్చిన సాటే పుల్లతో ఆ సంచిని పక్కకు నెట్టారు. పుల్లకు వేరుశనగ ముద్ద అంటుకుని ఉంది. అది సంచికి అంటింది.

"ఇదేమిటి, బెల్టా?" అన్నారు.

విశ్వనాథం గారు నవ్వారు. "అలాంటిదే. ఊళ్ళ నుంచి వచ్చేవాళ్ళు కట్టుకుంటారు."

నేను ఆయన ముఖం చూశాను. ఆయన రొయ్య తొక్క ఒలుచుకుంటున్నారు.

ఆ రోజు ఇంటికి వచ్చాక రెండుసార్లు చేతులు కడుక్కున్నాను. ఎందుకో నాకే తెలియలేదు. ఆ సంచిని నేను ముట్టుకోలేదు.

*

పురటాసి మొదటి శనివారం కోవెలలో కిటకిట. సాంబారు వడ్డించుకుంటూ వెళుతుంటే ఒక కుర్రాడు విస్తరి ముందు నుంచి తలెత్తి, "అమ్మా, తెలుగోరా?" అన్నాడు. నేను పక్కవాళ్ళతో మాట్లాడింది విన్నట్టున్నాడు. సన్నగా, ఎండకు కమిలిపోయి ఉన్నాడు. శ్రీకాకుళం యాస. అది మా నాయనమ్మ మాట. వినగానే గరిటె ఆగింది.

"తెలుగువాళ్ళమే నాయనా. కూర వేయనా?"

"కూర సాలమ్మా. ఒక మాట అడగాల. ఈడ మొలతాడు యెక్కడ దొరుకుద్ది?"

"ఎదురుగా పూల కొట్లలో ఉంటుంది."

వాడు ఇంకా ఏదో అడగాలని ఆగాడు. "కొత్తది కట్టుకున్నాకే కదమ్మా పాతది తీత్తారు. నాకు పాతది నేదు. వట్టి ఒంటి మీద కట్టుకోవచ్చా? మాయమ్మకి ఫోన్ సేసి అడుగుదామంటే, లేదని తెలిస్తే ఆయమ్మ అన్నం మానేత్తాది."

సాంబారు బకెట్టు కింద పెట్టాను. "నీ పేరు రంగనాథా?"

వాడు బెదిరిపోయాడు. "మీకెలాగ తెల్సు?"

బోర్డులో ఉన్నానని చెప్పకూడదని నియమం. చెప్పాను. వాడు వెంటనే లేచి నిలబడబోతే భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టాను. భోజనాలయ్యాక చెప్పులు విడిచే చోట గట్టు మీద కూర్చుని మాట్లాడుకున్నాం. వాడు కాలి బొటనవేలితో నేల రాశాడు.

"నానేటీ తియ్యనేదమ్మా. రాగిముక్క కూడా."

"తెలుసు."

"ఇప్పమన్నారు. అన్నీ. నాను ఇప్పనన్నాను. అప్పుడు..." ఆగిపోయాడు. "తలుపు తీసే ఉంది. షిఫ్టు దిగేవోళ్ళు పోతన్నారు. ఒకడు దాన్ని పెన్నుకి తగిలించి ఊపినాడమ్మా. తోక అన్నాడు. అందరూ నవ్వినారు. మా గదిలో ఉండేవోడు కూడా నవ్వినాడు."

గట్టు మీద వాడి పక్కకు ఇంకొంచెం జరిగి కూర్చున్నాను.

"మా సూపర్‌వైజర్ సెప్పీసినాడు. బోర్డు గాని అబద్ధం ఫిర్యాదు అని రాస్తే పని పాస్ రద్దు, విమానం ఎక్కించేత్తారంట. దొంగని పంపీసినారని ఊళ్ళో అంటారు. మళ్ళీ ఏ ఏజెంటూ నన్ను తీసుకోడు." వాడు నా వైపు చూసి అంతలోనే చూపు దించుకున్నాడు. "ఆ తాడు సూసినారా అమ్మా మీరు? ఎక్కడ పెట్టినారు దాన్ని?"

బల్ల మీద రొయ్యల పక్కన అని చెప్పలేకపోయాను. "భద్రంగానే ఉంది" అన్నాను. పెరుమాళ్ళ గుమ్మంలో కూర్చుని ఆ మాట అన్నాను.

ఎదురు కొట్టుకు వెళ్ళి ఎర్రతాడు కొన్నాను. అయ్యవారి చేత పాదాల దగ్గర పెట్టించి తెచ్చి ఇచ్చి, "పాతది ఉన్నా లేకపోయినా కట్టుకో. ఆయన చూసుకుంటాడు" అన్నాను. వాడు స్నానాల గది వైపు వెళ్ళి, తిరిగి వచ్చి, నా కాళ్ళకు దండం పెట్టి బస్సుకు పోయాడు.

బోర్డు నియమాల్లో నాకు నోటికి వచ్చినది ఒక్కటే. ఇద్దరు సభ్యులు ఒప్పుకోకపోతే కాగితాలు పైవాళ్ళకు వెళ్ళాలి, వాళ్ళు తేల్చేదాకా ఫిర్యాదు చేసినవాణ్ణి ఎవరూ దేశం దాటించకూడదు. ఒక్కరైతే చాలదు. నేనొక్కదాన్ని ఉన్నాను. రెండో మనిషి ఎవరో నాకు సందేహమే లేదు. తెలుగు మనిషి, పైగా మొలతాడంటే ఏమిటో తెలిసిన మనిషి.

ఆ రెండో శనివారమే విశ్వనాథం గారు భార్యతో కోవెలకు వచ్చారు. పట్టుపంచె, ఉత్తరీయం, పన్నెండు నామాలు. పళ్ళెం అందుకోవడానికి వంగినప్పుడు పంచె పైన నడుముకు ఎర్రటి పట్టుతాడు, దానికి వెండి బిళ్ళ కనిపించాయి. చూడకూడనిది చూసినట్టు తల తిప్పుకున్నాను. కానీ నా మనసు తేలికపడింది. ప్రదక్షిణ దగ్గర ఆగి అడిగాను.

"ఆ జురాంగ్ కుర్రాడి సంగతి మీరు చెబితే వాళ్ళు వింటారండీ. నా ఇంగ్లీషు బడి ఇంగ్లీషు."

ఆయన చిరునవ్వు నవ్వారు. "చూద్దాం అండీ. అలాంటివి సున్నితంగా చూసుకోవాలి. ఆ కాపలా సంస్థకు మా బ్యాంకు కాంట్రాక్టు కూడా ఉంది లెండి." అని, వెంటనే "సిద్ధార్థను సర్టిఫికెట్లు సిద్ధం చేసుకోమనండి, మీటింగయ్యాక సోమవారం ఫోన్ చేసి ఇంటర్వ్యూకి పిలుస్తాను" అన్నారు.

*

ఇంట్లో సంగతి చెబితే మా ఆయన టీవీ గొంతు తగ్గించాడు. సిద్ధార్థ నూడుల్స్ గిన్నె పట్టుకుని నిలబడ్డాడు.

"వై మస్ట్ బీ యూ, మా?" అన్నాడు వాడు. "ఆ మనిషి మనకేం చుట్టం? సైన్ చేసేసి వచ్చెయ్ లా. నా ఇంటర్వ్యూ అయ్యాక కావాలంటే రిజైన్ చెయ్."

"ఒరే, వాడికి నీ వయసే."

"సో? ఐ యామ్ ఆల్సో మై ఏజ్."

మా ఆయన నవ్వి, నవ్వినందుకు తనమీద తనే విసుక్కున్నాడు. "కుమారీ, నువ్వు కంగారు పడకు. విశ్వనాథం గారు పెద్దమనిషి. పన్నెండు నామాలు పెట్టుకునే మనిషి అన్యాయం చేస్తాడా?"

"అదే నేనూ అనుకుంటున్నాను."

"మరింకేం? ఆయన చెయ్యెత్తితే నువ్వూ ఎత్తు. ఎత్తకపోతే..." అంటూ ఆగి, సిద్ధార్థ వైపు చూసి, టీవీ గొంతు పెంచాడు.

*

పురటాసి ఆఖరి వారం మీటింగు. ఉపవాసాల నెలని ఎవరో చెప్పినట్టున్నారు. ఆఫీసరు నా కోసం ప్రత్యేకంగా గులాబ్ జామూన్లు తెప్పించాడు. "మేడమ్, స్వచ్ఛమైన నెయ్యి" అన్నాడు. డబ్బాలో అన్నం, పనస కూర, అప్పడం, అన్నీ పద్ధతిగా ఉన్నాయి. తిన్నాను. ఆకలి వేసింది, తిన్నాను. వాళ్ళు పెట్టిన శుచిగల తిండి అంతా తిన్నాక మిస్టర్ టే కాగితాలు తీశారు.

"ఈ బెల్టు విషయం. ఆధారాలు లేవు అని రాద్దామా?"

నేను చెయ్యి ఎత్తాను. "సార్, ఒక్క ప్రశ్న. అది బెల్టు కాదు. బట్టల కింద, వట్టి ఒంటికి కట్టుకునే తాడు. ప్రాణం ఉండగా తెంపరు. గార్డులు పైబట్టలే తడిమామని రాశారు. బట్టలు విప్పించకుండా దాన్ని ఎలా తెంపారు?"

నేను అనుకున్నది ఏమిటంటే, ఈ మాట చెబితే గదిలో గాలి ఆగిపోతుందని. వాళ్ళకు ఇంతవరకూ తెలియలేదు, తెలియగానే అయ్యో అంటారని. మిస్టర్ టే కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"విప్పించారు మేడమ్. అది మాకు తెలుసు" అన్నారు, చాలా మర్యాదగా. "కాగితం చదివిన మొదటి రోజే తెలుసు. కానీ అలా రాస్తే ముగ్గురి ఉద్యోగాలు పోతాయి. వాళ్ళకూ పిల్లలున్నారు. అతనికి ఒంటిమీద గాయం ఏమీ లేదు కదా? మనం గార్డులకు లోపల చెబుదాం. అంతే."

ఆఫీసరు తల ఊపాడు. ప్లాస్టిక్ సంచి మళ్ళీ బల్ల మీదే ఉంది. పోయిన నెల అంటిన వేరుశనగ మరక ఎండి గోధుమరంగుకు తిరిగింది. ఎవరూ తుడవలేదు.

"మిస్టర్ విశ్వనాథం, మీ మతం విషయం. మీరేమంటారు?"

విశ్వనాథం గారు నా వైపు చూడలేదు. నీళ్ళు తాగి, పెదాలు అద్దుకుని, తీరికగా చెప్పారు. "అది పాతకాలపు అలవాటు, సార్. మా సమాజంలో చదువుకున్నవాళ్ళు ఇప్పుడు అంత పట్టించుకోరు. కొత్తది డాలరుకు దొరుకుతుంది. నేను ఛైర్మన్‌తో ఏకీభవిస్తున్నాను." చెప్పి, కుర్చీలో వెనక్కి వాలి, రెండు బొటనవేళ్ళూ నడుము దగ్గర ప్యాంటులో దోపి పైకి సర్దుకున్నారు.

ఆ వేళ్ళకు లోపల ఏం తగిలి ఉంటుందో నాకు తెలుసు. గులాబ్ జామూన్ గొంతులోకి వచ్చింది. నెయ్యి వాసన ముక్కులో నిండింది. మింగాను.

"ఒప్పుకోని వాళ్ళు?" అన్నారు మిస్టర్ టే.

నా చెయ్యి ఎత్తాను. నా చెయ్యి ఒక్కటే ఉంది. దాన్ని చూస్తూ అయిదో సభ్యుడు, ఒక హార్డ్‌వేర్ కొట్టు ఆయన, గడియారం చూసుకున్నాడు. మిస్టర్ టే కలం మూత తీశారు.

"నేను కూడా" అంది ఎదురుగా మదామ్ రోకియా.

అందరూ తిరిగారు. ఆవిడ చెయ్యి భుజం దాకా కూడా లేపలేదు, బల్ల మీదే అరచెయ్యి తెరిచి పెట్టింది.

"కారణం రాయాలి, మేడమ్" అన్నారు మిస్టర్ టే.

"బట్టలు విప్పారు. మీరే చెప్పారు కదా. అది రాయండి." తర్వాత ఆవిడ ఆ సంచి తీసుకుని, తన టిష్యూ కాగితంతో దాని మీది మరక తుడిచి, భోజనాల బల్ల మీద నుంచి తీసి గోడవారన ఉన్న కాగితాల బల్ల మీద పెట్టింది.

*

బయట బస్‌స్టాప్ వెనక గడ్డిలోకి వంగి తిన్నదంతా కక్కేశాను. వీపు మీద చెయ్యి పడింది. రోకియా. తన సంచిలోంచి నీళ్ళ సీసా తీసి మూత విప్పి ఇచ్చింది. ఆవిడ పెదవి ఆనిన సీసా. నేను చెయ్యి చాచి, మళ్ళీ వెనక్కి తీసుకున్నాను. "పరవాలేదు" అన్నాను, కొంగుతో మూతి తుడుచుకుంటూ.

ఆవిడకు అర్థమైంది. నొచ్చుకున్నట్టు కనిపించలేదు. "నెవర్ మైండ్ లా" అంది. "ఒకరోజు మా ఇంటికి రా. గేలాంగ్ సెరాయ్. కోపీ పెడతాను. కాఫీయే కదా, కోపీలో మాంసం ఉండదు, భయపడకు."

"తప్పకుండా వస్తాను."

"అందరూ అదే అంటారు." నవ్వింది. బస్సు వచ్చింది.

కాగితాలు పైకి వెళ్ళాయి. రంగనాథ్‌ను విమానం ఎక్కించలేకపోయారు. పైవాళ్ళు రెండు నెలలు చూసి, గార్డులను మందలించారు, తాడు, తాయెత్తు అతనికి తిరిగి ఇవ్వమన్నారు, పాస్ ముట్టుకోవద్దన్నారు. గార్డులు మరో గేటుకు మారారు. ఎవరూ ఎవరికీ క్షమాపణ చెప్పలేదు. తెగిన తాడును ఏం చేయాలని రంగనాథ్ అడిగితే సముద్రంలో వదలమన్నాను. తాయెత్తు మాత్రం కొత్తదానికి కట్టుకున్నాడు. కాంట్రాక్టు పూర్తి చేసుకుని, మంచి పనివాడని కాగితం రాయించుకుని వెళ్ళాడు.

విశ్వనాథం గారి నుంచి సోమవారం ఫోను రాలేదు. ఆ తర్వాత సోమవారమూ రాలేదు. బోర్డులో ఆయన ఏమన్నారో, ఆయన నడుముకున్న తాడు సంగతేమిటో ఇంట్లో చెప్పేశాను. సిద్ధార్థ నాతో పది రోజులు మాట్లాడలేదు. వాడికి ఎదురుపడితే నేనే పక్కకు తప్పుకునేదాన్ని. మా ఆయన క్రేను మీద పన్నెండు గంటలు కూర్చుని వచ్చి, అన్నం తిని, గోడవైపు తిరిగి పడుకునేవాడు.

దీపావళికి సంఘం వాళ్ళు పెద్ద హాలులో వేడుక చేశారు. రానని మొండికేశాను. "డబ్బు కట్టాం కదే, తినేసి వద్దాం" అని మా ఆయన తీసుకెళ్ళాడు. సిద్ధార్థ కూడా వచ్చాడు. మా విస్తళ్ళలో పులిహోర పడింది. అప్పుడే విశ్వనాథం గారు మైకు ముందుకు వచ్చారు. సిల్కు లాల్చీ, నుదుట తిరునామం.

"మనం ఎంత ఎత్తుకు ఎదిగినా మన ఆచారాల్ని మరిచిపోకూడదు" అన్నారు. "మన పిల్లలకు మన సంప్రదాయాల విలువ తెలియాలి. ఒంటి మీద ఒక్క పోగైనా సరే, దాని వెనక వేల ఏళ్ళ సంస్కృతి ఉంటుంది."

చప్పట్లు మోగాయి. నేను విస్తరి వైపు చూశాను. పులిహోరలో వేరుశనగలు. ఇక చెయ్యి పెట్టలేకపోయాను.

పక్కన కుర్చీ కీచుమంది. మా ఆయన లేచాడు. అందరూ చప్పట్లు కొడుతుంటే ఆయన ఒక్కడే నిలబడి, ఎంగిలి చేత్తో విస్తరి మడిచాడు.

"ఏమండీ, కూర్చోండి. అందరూ చూస్తున్నారు."

"చూడనీ. లే కుమారీ. ఇంటికెళ్ళి రసం పెట్టు. ఒరే సిద్ధూ, నువ్వు తినాలంటే తినిరా."

సిద్ధార్థ స్టేజీ వైపు ఒకసారి చూశాడు. విస్తరి మడిచి మా వెనకే వచ్చాడు. రైలులో ముగ్గురం ఒకే వరుసలో కూర్చున్నాం. మేము దిగేది బెడోక్‌లో. దిగేముందు వాడు, "మా, దట్ ఫెలో రియల్లీ వేర్స్ వన్ ఆహ్?" అన్నాడు.

"ఆఁ. పట్టుది. వెండి బిళ్ళతో."

"చీ" అన్నాడు వాడు, తెలుగులో. మా వాడు తెలుగులో అన్న మాటలు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. అది ఒకటి.

*

మరుసటి ఏడు బోర్డు పేర్లలో నేను లేను, రోకియా లేదు. సిద్ధార్థకు పాయా లేబర్ ప్రాంతంలో ఒక చిన్న కంపెనీలో ఉద్యోగం దొరికింది. విశ్వనాథం గారు ఇప్పటికీ పురటాసి శనివారాలు వస్తారు. పన్నెండు నామాలు పెట్టుకుని వచ్చి, హారతి తీసుకుని, నాకు నమస్కారం పెడతారు. నేనూ పెడతాను. పెడుతున్నంతసేపూ పెరుమాళ్ళ ముఖం వైపు చూస్తుంటాను, ఏమైనా కదులుతుందేమోనని. కదలదు. ఆయన ఓర్పు నాకు అర్థం కాదు. నా ఓర్పు అయితే ఆ బల్ల దగ్గరే అయిపోయింది.

రోకియా ప్రతి హరిరాయకూ, అంటే వాళ్ళ రంజాన్ పండగకూ, ఫోను చేసేది. "ఓయ్, కోపీ బాకీ" అనేది. "వస్తాను" అనేదాన్ని. ఒక ఏడు వ్రతం, ఒక ఏడు మా ఆయన మోకాలు, ఒక ఏడు వట్టి బద్ధకం. వ్రతమూ మోకాలూ వంకలే. నాలుగో ఏడు ఆవిడ కాదు, ఆవిడ కోడలు చేసింది. అత్తయ్యకు బాగాలేదు, మిమ్మల్ని తలుచుకుంటోంది, అంది.

మేము వెళ్ళేసరికి రోకియా సోఫాలో దిండు ఆనుకుని కూర్చుని ఉంది. సగం అయిపోయింది మనిషి. నన్ను చూసి, "అయ్యో, బోర్డ్ మెంబర్" అని నవ్వింది. మా ఆయన్ని చూసి, "ఈయన తింటాడా, ఈయనకూ వ్రతమా?" అంది.

"నేను అన్నీ తింటాను, మకాన్ అంటే ముందుంటాను" అన్నాడు మా ఆయన, తిండికి మలయ్ మాట వాడి. కోడలు ఆయనకు పళ్ళెం నిండా పెట్టింది.

నాకోసం కోడలు అల్మారా పై అరలోంచి ఒక పెట్టె దించింది. అందులో కొత్త గిన్నె, కొత్త గ్లాసు. అంటించిన ధర చీటీ కూడా ఇంకా ఉంది.

"ఆ ఏడే కొన్నాను" అంది రోకియా. "దాంట్లో ఇంకెవరికీ ఏమీ వండలేదు. నీ దేవుడి మీద ఒట్టు, నా దేవుడి మీద ఒట్టు."

కోడలు గిన్నె కడగడానికి వెళుతుంటే చెయ్యి పట్టుకుని ఆపాను.

"అది వద్దమ్మా. మీ అత్తగారు రోజూ తాగే కప్పు ఏది?"

అంచు పెచ్చులూడిన ఆకుపచ్చ కప్పు అది. కోపీ చిక్కగా, తీపి ఎక్కువై, నాలుక కాలేంత వేడిగా ఉంది. రోకియా కళ్ళార్పకుండా చూస్తూ ఉంది. అడుగున పంచదార మిగలకుండా తాగి, కప్పు ఆవిడ చేతికే ఇచ్చాను.